పన్నెండు డిగ్రీల వాలు

పలకను ఎంత ఎత్తితే దాని మీది దిమ్మె జారుతుందో పిల్లలకు చూపించడం నా ఉద్యోగం. ఊరిగాంలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఏడాదికి నాలుగు సెక్షన్లకు అదే ప్రయోగం నాలుగుసార్లు. "ఇంత తంటా ఎందుకు టీచర్, వేలితో నెడితే పోలా?" అని అడిగిన పిల్లలు ప్రతి ఏడూ ఒకరైనా ఉంటారు. వాళ్ళను కసురుకుని కూర్చోబెట్టేదాన్ని. ఆ పలకా ఆ దిమ్మే మా ఇంటిని నిలువునా చీలుస్తాయని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళనూ అట్లాగే కసురుకునేదాన్ని.

అది డెబ్బై మూడో సంవత్సరం. బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయినా ఊరంతా ఇంకా కంపెనీ అనే అనేది. మా నాన్న వెంకటాచలపతి ఇసుక బండ్ల సెక్షన్లో హెడ్ క్లర్కు. రాయిని పిండి చేసి బంగారం తీసుకున్నాక మిగిలే ఇసుకను ఇనుప బండ్లలో నింపి, వాలు పట్టాల మీద తాడుతో లాగి గుట్ట మీద పోసేవారు. ఆ వాలుకూ, ఆ బండ్లకూ, అక్కడి మనుషులకూ సంబంధించిన ప్రతి కాగితమూ నాన్న చేతి మీదుగా పోవాల్సిందే. ముప్పై ఆరేళ్ళ సర్వీసు. జనవరి నెలాఖరుకు రిటైరు. ముత్యాల్లాంటి అక్షరాలు, ముల్లులాంటి నోరు.

ఆ ఏడాది ఆయుధపూజ ఆయనకు ఆఖరిది. మామూలుగా అయితే తాడు లాగే వించికి పసుపూ కుంకుమా, బండ్లకు మామిడాకులూ, పట్టాల మొదట్లో రెండు బూడిదగుమ్మడికాయలూ, అంతటితో సరి. ఆ ఏడు ఢిల్లీ నుంచి వచ్చిన కొత్త ఆఫీసరు పూజకు వస్తున్నాడన్నారు. "పట్టాలు అద్దం మాదిరి మెరవాల," అని నాన్న నాలుగు డబ్బాల ఆముదం తెప్పించి, పాత గోనెసంచులతో వాలు కింది నుంచి పైదాకా రుద్దించారు. ఆయన కూడా పంచె ఎగగట్టి ఒక బారెడు మేర తన చేత్తో రుద్దారట. పదకొండు గుమ్మడికాయలు పగలగొట్టారు. ఆఫీసరు జీపులో వచ్చాడు, రెండు నిమిషాలు నిలబడ్డాడు, ఒక లడ్డు తిన్నాడు, వెళ్ళాడు.

మధ్యాహ్నం షిఫ్టు మొదలైంది. మిల్లు ఆగదు కదా. ఆ వాలు మీద సగం దారిలో ఒక తాడు విప్పి ఇంకో తాడు తగిలించాలి. అక్కడ నిలబడేవాడు ఆమోసు. బండి వచ్చి ఆగగానే బ్రేకు కాడను కిందికి నొక్కి, చక్రాలు బిగుసుకున్నాక కొక్కెం విప్పి, పైతాడు అందుకుంటాడు. పద్నాలుగేళ్ళుగా రోజుకు అరవై సార్లు చేసే పని. ఆ రోజు మొదటి బండికే, పైతాడు చేతికి అందేలోపల, నిండు ఇసుకతో ఉన్న బండి కిందికి పోయింది. కింద బండ్లు నింపే దాసప్ప ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ కుడి కాలు మోకాలి దాకా తీసేశారు.

నాన్న దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చారు.

"ఆ ఆమోసుగాడు బ్రేకు వేయకనే కొక్కెం విప్పినాడు," అన్నారు, చెప్పులు కూడా విడవకుండా. "ఒక మడిసి కాలు పోయింది."

"మీరు చూసినారా నాన్నా?"

"చూసేదానికి నేనేమి పట్టాల మీద పడుకోనుండానా? బ్రేకు వేసుంటే బండి యాడికి పోతాది? సైన్సు టీచరువి, నీకు ఇది కూడా చెప్పాల్నా?"

పంచె విడిచి బావి దగ్గర పడేశారు. తడుపుదామని తీసుకుంటే అంచు జానెడు మేర ఆముదంతో గట్టిపడి ఉంది. చేతికి జిడ్డు. గోడకు చెయ్యి తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాను. బ్రేకు చేసే పని చక్రం తిరగకుండా పట్టుకోవడం. అంతవరకే. చక్రం తిరగని బండి వాలు మీద నిలబడేది పట్టాకూ చక్రానికీ మధ్య ఉండే రాపిడి వల్ల. ఆ రాపిడి లేకపోతే చక్రాలు బిగుసుకున్న బండి కూడా నా దిమ్మెలాగే జారుతుంది. బ్రేకు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

అంటే నాకు ఆ సాయంత్రమే తెలిసింది. తెలిసి ఏం చేశానంటే, ఆ పంచెను చాకలిసోడా వేసి రెండుసార్లు ఉడకబెట్టాను.

మర్నాడు నాన్న నలుగురు కూలీలను పెట్టి పట్టాలను ఇసుకతో తోమించారు. పూజ మర్నాడు గుమ్మడి తొక్కలు ఎత్తించి పట్టాలు శుభ్రం చేయించడం ప్రతి ఏడూ ఉండేదే, కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. మూడో రోజు కంపెనీవాళ్ళు కూడా ఒక ప్రయోగం చేశారు. అదే బండి, అంతే ఇసుక, అదే చోటు. బ్రేకు వేసి, తాడు విప్పి, అందరూ దూరం జరిగారు. బండి కదల్లేదు. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ బండరాయిలా నిలబడింది. ఇంకేముంది, బ్రేకు వేయలేదనే కదా అర్థం. ఆమోసును సస్పెండు చేశారు. ఆ రిపోర్టులో "పట్టాలు యథాస్థితిలో ఉండినవి" అనే వాక్యం నాన్న రాసిందే. విచారణలో తప్పు రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, పదిహేను రోజుల్లో కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలి. ఆమోసుకు ఇద్దరు పిల్లలు, కళ్ళు కనపడని తల్లి.

మా క్లర్కుల వీధిలో అప్పటికే తీర్పు అయిపోయింది. "నొసట కుంకుమ పెట్టబోతే తల పక్కకు తిప్పుకున్నాడంట. అయిందా ఇంగ?" అని ఒకరు. "పొద్దున్నే తాగినాడేమో," అని ఇంకొకరు. ఆమోసు తాగడని వాళ్ళకూ తెలుసు. కాలు పోయిన దాసప్ప మీద జాలి కంటే, తల తిప్పుకున్నవాడి మీద కసి ఎక్కువగా ఉండేది ఆ మాటల్లో. నేను కొళాయి దగ్గర ఆ మాటలు వింటూ బిందె నింపుకుని వచ్చేదాన్ని.

ఇంట్లో ఒక్కసారి కదిపి చూశాను. అన్నం దగ్గర.

"పట్టాలకు నూనె ఉండింది కదా నాన్నా ఆ దినము."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఉంటే?"

"ఏమీ లేదు. రిపోర్టులో అది కూడా రాసి ఉంటే..."

"నేను ఆమోసు మాట ఎత్తితే నువ్వు నూనె మాట ఎత్తుతావు. పూజ చేసినాను. దేవుడి పని. దాన్ని బ్రేకుకు ముడేస్తావా?" కంచం పక్కకు తోశారు. "ముప్పై ఆరేళ్ళు ఒక్క మెమో లేదు నా మీద. ఇంగ మూడు నెలల మూడు వారాలు ఉండాది. అంతవరకు ఈ ఇంట్లో నూనె అనే మాట రాకూడదు. చారులో పోపుకు కూడా."

అమ్మ వత్సల ఆయన చెయ్యి కడిగిన నీళ్ళు పారబోసి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇంటిగుట్టు లంకకు చేటు కుముదా," అంది. "ఆ ఆమోసు నీకేమవుతాడు?"

ఏమీ కాడు. కానీ వాడి భార్య సెలీన్ మా స్కూల్లో అటెండరు. ల్యాబు గది ఊడ్చి, సామాన్లు తుడిచి, గంట కొట్టేది తనే. ఆరేళ్ళుగా రోజూ పొద్దున నా బల్ల మీద నీళ్ళ గ్లాసు మూతతో పెట్టి "గుడ్ మార్నింగ్ టీచర్" అనేది. ఆ నెలంతా గ్లాసు పెట్టేది, మూతా మాటా ఉండేవి కావు. హెడ్ క్లర్కు కూతుర్ని కదా. నేల తుడుస్తూ నా కాళ్ళ దగ్గరికి వస్తే, కాళ్ళు ఎత్తమని చెప్పడానికి కూడా నోరు విప్పక, గుడ్డతో కుర్చీ కోడును కొట్టేది. నేను కాళ్ళు ఎత్తేదాన్ని. ఆ గుడ్డ దెబ్బ నాకు తగిలినట్టే ఉండేది, తగలాల్సిందే అని కూడా ఉండేది.

నవంబరు మొదటివారంలో ఒక పొద్దున, ల్యాబుకు వెళ్ళేసరికి సెలీన్ ఏటవాలు పలక ముందు నిలబడి ఉంది. పలక మీద నూనె మెరుస్తోంది. కొబ్బరినూనె బుడ్డి పక్కనే ఉంది.

"అది పిల్లల పలక సెలీన్!"

"ఉండనీండి," అంది. దిమ్మె తీసి పలక మీద పెట్టింది. పలక ఒక చివర మెల్లగా ఎత్తింది. కాస్త ఎత్తగానే దిమ్మె సర్రున జారి నా చెప్పుల దగ్గర పడింది. "ఇన్‌స్పెక్టరు వచ్చిన ఏడు మెరుస్తాదని నేను దీనికి నూనె రాస్తే మీరు నన్ను ఎట్ల తిట్టినారు, గ్యాపకం ఉండాదా? లెక్కంతా తప్పి పోయిందని పిల్లోల్ల ముందర తిట్టినారు. మరి మీ నాయన అంత పట్టాకు నూనె రాస్తే లెక్క తప్పలేదా?"

అప్పుడు నేను ఈ కథలోకెల్లా నీచమైన పని చేశాను. నొసలు చిట్లించి, ఏదో లెక్క వేస్తున్నట్టు కిటికీ వైపు చూసి, "అవును కదా!" అన్నాను. "నాకు తట్టనే లేదు సెలీన్!"

ఆమె నా మొహంలోకి చూసింది. నమ్మింది. నమ్మాలని ఉండింది కాబట్టి నమ్మింది. "చక్రం తిరగలా, బండి జారింది అని మొదటి దినము నుంచి మా ఆయన మొత్తుకుంటా ఉండాడు టీచర్. ఎవరూ వినలా. మీరు చదివినోళ్ళు. మీరు చెప్తే వింటారు. వచ్చి చెప్పండి."

"చెప్తాను," అన్నాను. ఆ పూట సెలీన్ నెల తర్వాత మొదటిసారి నా గ్లాసుకు మూత పెట్టింది.

ఆదివారం వాలు దగ్గరికి వెళ్ళాను. స్కూలు నుంచి స్ప్రింగు తరాజు, కోణమానిని, దారానికి కట్టిన గుండు తీసుకున్నాను. చర్చి నుంచి నేరుగా ఆమోసు వచ్చాడు, తెల్లచొక్కాతో. నన్ను చూసి నవ్వలేదు.

"మీ నాయన పంపినాడామ్మా? ఇంగా యాడన్నా ఏమన్నా మిగిలిపోయిందేమో చూసి రమ్మని?"

"నేనే వచ్చినాను."

"ఎవరు వస్తే ఏముండాది లే. పట్టండి మీ దారము."

వాలు పన్నెండు డిగ్రీలు. పట్టా మీద ఒక చదును ఇనుప దిమ్మె పెట్టి, తరాజుతో పైకి లాగి ఒకసారి, కిందికి లాగి ఒకసారి, బలం ఎంత పడుతుందో రాసుకున్నాను. పొడి పట్టా మీద అది తనంతట తాను జారాలంటే పదిహేడు డిగ్రీల వాలు కావాలని లెక్క తేలింది. తర్వాత ఒక మూర పట్టాకు ఆముదం రాశాము. దిమ్మె పెట్టి చెయ్యి తీయగానే పోయింది. లాగి చూసి లెక్క కడితే ఏడున్నర. పన్నెండు అనే అంకె ఆ రెండింటికీ మధ్య కూర్చుని ఉంది. పొడిగా ఉంటే నిలుస్తుంది, నూనె ఉంటే నిలవదు. బడిపిల్లకు కూడా అర్థమయ్యే సంగతి.

ఆమోసు పట్టా మీద చెయ్యి పెట్టి వేళ్ళు వాసన చూసుకున్నాడు. "చక్రం తిరిగితే కడకడమని అరుస్తాది. ఆ పొద్దు అరుపు లేదు. పాము పోయినట్ల పోయింది బండి. దాసప్పను అరిచి పిలిచేదానికి కూడా నాకు నోరు రాలా." వేళ్ళు ఇసుకలో రుద్దుకుని అడిగాడు. "మీకు ఇది ఎప్పుడు తోచిందమ్మా?"

"మొన్న. సెలీన్ చెప్పినాక," అన్నాను.

అటుగా పోతున్న మా వీధి వాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. నేను ఇల్లు చేరేలోపలే మాట ఇల్లు చేరింది. నాన్న వాకిట్లో నిలబడి ఉన్నారు. నా చేతిలో నోటుపుస్తకం లాక్కుని, అంకెలన్నీ చదివారు. ఆయనకు సైన్సు రాదు, కానీ పక్కపక్కన రెండు వరుసలు రాసి పెట్టిన కాగితం దేనికోసమో ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గనుల్లో లేరు.

"సాక్ష్యం చెప్తావా?"

"నూనె ఉంటే జారుతాది అని మాత్రమే చెప్తాను. ఎవరు రాసినారో నేను చెప్పను నాన్నా."

"అబ్బో, ఎంత దయ!" పుస్తకం నేలకేసి కొట్టారు. "అన్నం పెట్టిన చేతిని నరికేదానికి వచ్చి, గోరు మాత్రం వదిలేస్తానంటా ఉండాది వత్సలా, నీ కూతురు!"

"వాళ్ళు ఇల్లు ఖాళీ చేయాల నాన్నా. గుడ్డి ముసలామె ఉండాది."

"మరి నా రిటైరుమెంటు డబ్బు పోతే మీ అమ్మకు యాడుండాది ఇల్లు? లక్కూరులో మా తమ్ముడు కట్టించిన కొట్టంలోనా?"

అమ్మ నేల మీది పుస్తకం తీసి, దుమ్ము దులిపి, నా చేతిలో కాకుండా కిటికీలో పెట్టింది. ఆ రోజు నుంచి విచారణ దాకా ఒక పొయ్యి మీద వండిన వంట ముగ్గురం మూడు వేళల్లో తిన్నాము.

విచారణ ఆఫీసులోనే, పొడుగు బల్ల ఉన్న గదిలో. మధ్యలో ఆ ఢిల్లీ ఆఫీసరు. ఒక పక్క యూనియను మనిషి, ఆమోసు. గోడ వారగా బెంచీ మీద సెలీన్, పిల్లలిద్దరూ. ఇంకో పక్క, సిరాబుడ్డి ముందు పెట్టుకుని నాన్న. వాంగ్మూలాలు రాయడం హెడ్ క్లర్కు పని. ఆఫీసరు ఇంగ్లీషులో అడుగుతాడు, నాన్న దాన్నే తెలుగులో అడిగి జవాబు రాస్తారు. ఆమోసుకు అర్థం కావాలని రూలు. ఆ రూలు కోసం యూనియనువాళ్ళు ఒకప్పుడు సమ్మె చేశారు, ఆ సమ్మెను తిట్టుకుంటూనే ఆ రూలును అక్షరం పొల్లుపోకుండా పాటించేవారు నాన్న.

పలక, పట్టా ముక్క, దిమ్మె బల్ల మీద పెట్టాను. పన్నెండు డిగ్రీలకు ఎత్తి ఆపాను. పొడి పట్టా మీద దిమ్మె నిలబడింది. నూనె రాశాను. దిమ్మె జారి బల్ల అంచు దాకా వెళ్ళింది. ఆఫీసరు కళ్ళజోడు తీసి, మళ్ళీ చేయమన్నాడు. మళ్ళీ చేశాను. అతనే వచ్చి తన చేత్తో చేసి చూశాడు. జారింది.

"అంటే ఆ రోజు పట్టాలకు నూనె ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"ఎవరు రాశారు?"

నాన్న కలం సిరాలో ముంచారు. "ఎవరు రాసినారు?" అని తెలుగులో అడిగారు, బల్ల వైపే చూస్తూ.

"పూజ చేసినవాళ్ళు," అన్నాను.

ఆఫీసరు చాలు అన్నట్టు తల ఊపాడు. అతనికీ అంతకంటే అక్కర్లేదు. ఆ పూజలో లడ్డు తిన్నవాడే కదా. యూనియను మనిషి కూడా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆమోసు బయటపడ్డాడు, నాన్న పేరు రాలేదు, నేను నా మాట మీద నిలబడ్డాను. హమ్మయ్య అనుకున్నాను.

నాన్న కలం కాగితం మీద పెట్టలేదు.

"వాళ్ళు అని రాసేదానికి లేదు," అన్నారు. "పేరు చెప్పాల."

"పర్వాలేదు, వదిలెయ్యండి," అన్నాడు ఆఫీసరు ఇంగ్లీషులో.

"వాంగ్మూలంలో ఊరూ పేరూ లేని మడిసి ఉండకూడదు సార్. పై ఆఫీసులో వెనక్కి పంపుతారు." తెలుగులో, నాకు: "పేరు?"

"వెంకటాచలపతి."

రాశారు. "ఉద్యోగం?"

"హెడ్ క్లర్కు. ఇసుక బండ్ల సెక్షను."

"సాక్షికి ఏమవుతారు?"

"తండ్రి."

రాశారు. ఆ కాగితం తర్వాత నేను చూశాను, ఆ పదం కూడా మిగతా పదాలంత అందంగానే ఉంది. ఆఫీసరు తెల్లబోయి, "మీరు లేచి ఇంకొకరికి ఇవ్వండి కలం," అన్నాడు.

"మధ్యలో చెయ్యి మార్చకూడదు సార్. అయిపోవచ్చింది." తల తిప్పకుండానే అన్నారు. "రిపోర్టులో పట్టాలు యథాస్థితి అని రాసినవాడు, మర్నాడు ఇసుకతో తోమించినవాడు కూడా ఆయనే. అది నేనే చేరుస్తా ఉండాను. ఇంగ ఒక్కటే ప్రశ్న మిగిలుండాది. ప్రతి సాక్షినీ అడిగేదే." అప్పుడు మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఎంత బాగుండేదో. "ఈ సంగతి సాక్షికి ఎప్పుడు తెలిసింది?"

మొన్న అని చెప్పవచ్చు. సెలీన్‌కు చెప్పాను, ఆమోసుకు చెప్పాను. వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు, ఆ అబద్ధానికి వాళ్ళే సాక్షులు. కానీ అడుగుతున్న మనిషి పంచెను ఉడకబెట్టింది నేను. రెండోసారి ఉడకబెట్టేటప్పుడు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. ఇద్దరమూ ఒకరి సంగతి ఒకరికి తెలిసే, నెల రోజులుగా ఒక చూరు కింద తిరిగాము.

"ప్రమాదం జరిగిన దినమే," అన్నాను. "ఆ సాయంత్రమే."

"ముప్పై మూడు దినాలు," అన్నారు నాన్న, రాస్తూ.

బెంచీ మీద సెలీన్ లేచి నిలబడింది. చిన్నపిల్లను చంకనెత్తుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని, నా వెనకగా నడిచి గది బయటికి వెళ్ళింది. నాన్న రాసిందంతా మొదటి నుంచి చదివి వినిపించారు, రూలు ప్రకారం. నా తప్పూ, ఆయన తప్పూ అదే గొంతుతో, ఒక్కచోట కూడా తగ్గకుండా. తర్వాత కాగితం నా వైపు తిప్పి, "సరిగా ఉంటే సంతకం పెట్టండి," అన్నారు. సొంత కూతురికి.

సంతకం పెట్టాను.

ఆర్డర్లు డిసెంబరు మొదట్లో వచ్చాయి. ఆమోసును పనిలోకి తీసుకున్నారు. దాసప్పకు వాచ్‌మన్ పని ఇచ్చారు. నాన్నను రిటైరుమెంటు దాకా కూడా ఉంచకుండా ఇంటికి పంపి, పదిహేను రోజుల్లో క్వార్టరు ఖాళీ చేయమన్నారు. క్లర్కుల వీధిలో మా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. ఆమోసును తిట్టిన నోళ్ళే ఇప్పుడు నన్ను తిట్టాయి. "తండ్రి మెడకు తాడు వేసిన కూతురు," అన్నారు కొళాయి దగ్గర, నాకు వినపడాలనే. స్కూల్లో సెలీన్ ల్యాబు పని వద్దని హెడ్మిస్ట్రెస్‌కు అర్జీ పెట్టుకుంది. ఒకరోజు వరండాలో అడ్డం పడి, "నీ మొగుడు బయటపడినాడు కదా సెలీన్, నా వల్లే కదా," అన్నాను. అనకూడని మాట. అన్నాను.

"బయటపడినాడు," అంది. "ముప్పై మూడు దినాలు మా అత్త సరిగా కూడు ముట్టలా. మీ కాళ్ళ కింద తుడిచినాను నేను. మీరు కాళ్ళు ఎత్తినారు." గంట కొట్టాల్సిన వేళయిందని వెళ్ళిపోయింది.

లక్కూరుకు నాన్న, అమ్మ మాత్రమే వెళ్ళాలని ఎవరు నిర్ణయించారో తెలియదు. నా బట్టలు వేరే పెట్టెలో సర్దింది అమ్మ. నాకు స్కూలు వెనక ఒక గది దొరికింది. వెళ్ళే రోజు పొద్దున లారీ వచ్చింది గానీ, ఎత్తడానికి ఒక్క మనిషి రాలేదు. క్లర్కుల వీధి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నాన్న తనే బీరువాకు భుజం ఆన్చి నెట్టబోయారు. అది కదల్లేదు.

గేటు చప్పుడైంది. ఆమోసు. వెంట ఇసుక బండ్ల మనుషులు ఇద్దరు. అంతకు ముందు మా వాకిలి మెట్టు దాటి లోపలికి వచ్చినవాడు కాదు, రానిచ్చినవాళ్ళమూ కాము.

నాన్న పైపంచెతో మొహం తుడుచుకున్నారు. "నిన్ను ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలా సామీ."

"జాలి పడేదానికి వచ్చినావా?"

"మీ మీద జాలా?" ఆమోసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్ను రోడ్డు మీదికి ఈడ్చినారు మీరు. అది నేను మరిచేదానికి లేదు. అయితే మీ పేరు మీ చేత్తో మీరే రాసుకున్నారు, నేను కండ్లారా చూసినాను. అట్లాంటోళ్ళు బీరువా ఎత్తుకోకూడదు. జరగండి."

నాన్న ఆమోసు మొహం చూసి, పక్కకు జరిగి, "కింద అరలో గాజు సామాన్లు ఉండాయి, వంచొద్దు," అన్నారు.

ముగ్గురూ కలిసి ఎత్తారు. నాన్న వెనక ఒక చెయ్యి వేశారు. నలుగురూ అడుగులో అడుగు వేసుకుంటూ వాకిలి దాకా వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఏదైనా ఒక మాట, నాన్న అయినా, ఆమోసు అయినా, ఎవరైనా అంటారేమో అని ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"జరుగమ్మా," అన్నాడు ఆమోసు, నన్ను చూడకుండా. "బీరువా తగుల్తాది."